ఒక కిటికీ, రెండు కెమెరాలు

గదిలో లైటు వేయకూడదు. కిటికీ తెరను నాలుగు వేళ్ళ వెడల్పుకు మించి జరపకూడదు. ఫోను మోగకూడదు, దగ్గు రాకూడదు, బాత్రూముకి పోవాలంటే అవతలి మనిషి ఇంట్లోకి వెళ్ళేదాకా ఉగ్గబట్టుకోవాలి. ఈ నియమాలన్నీ పెట్టింది మా తోడల్లుడు. ఆయన మాత్రం ఆ కుర్చీలో ఒక్క పూటైనా కూర్చుని ఎరగడు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా?

అప్పటికి తొమ్మిదో రోజు. మూడో అంతస్తులో ఎవరో ఖాళీ చేసి వెళ్ళిన గది అది. ఒక కుర్చీ, ఒక ముక్కాలి స్టాండు, దాని మీద కెమెరా, వెనక నేను. పొద్దున ఏడింటికి ఎక్కితే వెలుతురు పోయేదాకా దిగేది లేదు. జైల్లో ఉన్నవాడికి కనీసం తిట్టుకోడానికి పక్కన ఇంకొకడుంటాడు. నాకు ఆ భాగ్యం కూడా లేదు.

నేను కాపు కాస్తున్న మనిషి రోడ్డుకి అవతల, పెద్ద పార్కింగు స్థలం దాటాక కనిపించే భవనంలో కింది వాటాలో ఉంటాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నేను మనసులో లిఫ్టాయన అని పిలుచుకునేవాణ్ణి. రెండేళ్ళ కిందట పనిలో ఉండగా లిఫ్టు గోతిలో పడ్డాడు, నడుము దెబ్బతింది. ఇక బరువులెత్తలేడని డాక్టర్లు రాసిచ్చారు. దాని మీద బీమా కంపెనీ నెలనెలా పరిహారం ఇస్తోంది, ఆ ఇల్లు గడిచేది దానితోనే. ఆయన ఏదైనా బరువెత్తుతుండగా ఒక్క ఫొటో దొరికితే ఆ పరిహారం ఆగిపోతుంది. ఆ ఒక్క ఫొటో కోసమే నన్నక్కడ కూర్చోబెట్టారు.

కంపెనీలకి అలాంటి ఫొటోలు తీయించి ఇచ్చే ఆఫీసు మా తోడల్లుడిది. బోర్డు మీద 'నిజనిర్ధారణ సేవలు' అని పెద్ద అక్షరాలుంటాయి. ఆయన మా ఆవిడ అక్క మొగుడు. నాకు పదిహేడేళ్ళు సొంత స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు. అందరి జేబుల్లోకీ కెమెరా వచ్చి పడ్డాక నా గుమ్మం ఎక్కేవాళ్ళు పక్క వీధికి దారి అడగడానికే ఎక్కేవారు. మూసేశాను. అప్పుడు ఆయనే పిలిచి పని ఇచ్చాడు, తన మేడ మీద వాటా ఇచ్చాడు, మా ఆవిణ్ణి ఆఫీసులో రిపోర్టులు టైపు చేయడానికి పెట్టుకున్నాడు. ఉపకారమే, కాదనను. కాకపోతే ఆయన ఇంట్లో నిద్రలేచి, ఆయన పనికి వెళ్ళి, ఆయన ఆఫీసులో కూర్చున్న నా భార్యకే రిపోర్టు ఇచ్చి, మళ్ళీ ఆయన మెట్లెక్కి పడుకోవాలి. మనిషన్నాక విసుక్కోడానికైనా సొంత గోడ ఒకటి ఉండాలి. నాకు అది మిగల్లేదు.

నాదని చెప్పుకోడానికి ఉన్నది ఒక్కటే, స్టూడియో నాటి డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా. ఇంట్లో దాన్ని 'పెద్దది' అంటాం. ఆఫీసు వాళ్ళిచ్చింది సూపర్‌జూమ్. అది 'చిన్నది'. ఉద్యోగంలో చేరిన రోజు నేను పెద్దదాన్ని పట్టుకెళ్తే తోడల్లుడు చూసి నవ్వాడు.

"ఇదేంటి తమ్ముడూ, రోకలిబండ తెచ్చావ్?"

"దీంట్లో సెన్సరు పెద్దది అన్నయ్యా. మసక వెలుతుర్లో కూడా రంగు చెడదు. లెన్సులు మార్చుకోవచ్చు."

"అదంతా సరే. ఎంత దూరం లాగుద్ది?"

"నా దగ్గరున్న లెన్సుల్లో పెద్దది మూడొందల మిల్లీమీటర్లు."

"ఇది రెండు వేలు లాగుద్ది. లెన్సు మార్చే గోలే లేదు. అవతలివాడి చొక్కా గుండీకి ఎన్ని బెజ్జాలున్నాయో చెప్తుంది. మనకి కావాల్సింది రంగులా, గుండీలా? నువ్వే చెప్పు."

ఏం చెప్పను? దూరం విషయంలో ఆయన మాటే నిజం. చిన్నదాని లెన్సు ఊడిరాదు గాని, ముక్కు ముందుకు సాగుతూనే పోతుంది. ఎక్కడో ఉన్న మనిషిని తెచ్చి ఒళ్ళో కూర్చోబెడుతుంది. పైగా చప్పుడుండదు. పెద్దదానిలోపల అద్దం ఒకటుంటుంది. మీట నొక్కినప్పుడల్లా అది టప్పున లేచి పడుతుంది, ఆ ఖాళీ గదిలో అయితే ఎవరో తలుపు కొట్టినట్టే ఉంటుంది. పెళ్ళి పందిట్లో ఆ చప్పుడు నాకు హోదాగా ఉండేది, ఈ దొంగచాటు పనికి అది అడ్డు.

కాని పెద్దదానిలో కన్ను పెడితే కనిపించేది అద్దం మీద పడి వచ్చిన అసలు వెలుతురు. ఎదురుగా ఏముందో అదే. చిన్నదానిలో కనిపించేది లోపలి బుల్లి టీవీ తెర. అది ఎప్పుడూ ఒక రెప్పపాటు వెనకే ఉంటుంది. మీట నొక్కిపట్టి వరసగా ఏడెనిమిది కొడితే బిగుసుకుపోయి ఒకే బొమ్మ దగ్గర ఆగిపోతుంది, ఆ కాసేపట్లో అవతల ఏం జరిగిందో మనకి తెలీదు. ఇంకో సంగతి. దాన్ని చివరికంటా లాగితే ఆ దూరంలో కనిపించేది అడ్డంగా వేసిన మంచమంత మేర. మనిషి మొహం కనపడితే కాళ్ళు కనపడవు. పక్కన ఏముందో, ముందూ వెనకా ఎంత ఎడముందో దేవుడికే ఎరుక. దూరపు కొండలు నునుపంటారు. నన్నడిగితే దూరపు కొండలు ఒకదానికొకటి అతుక్కుని కూడా ఉంటాయి.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను, అందుకే ఇంత కోపం.

పదకొండో రోజు పొద్దున పది దాటాక ఆ భవనం ముందు సామాన్ల వ్యాను ఆగింది. పై వాటాలోకి ఎవరో కొత్తగా దిగుతున్నారు. లిఫ్టాయన నడుముకి బెల్టు సవరించుకుంటూ, గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. పదకొండు రోజుల్లో ఆయన గుమ్మం దాటడం అది మూడోసారి. వాకిట్లో పసుపు రంగు వేసిన ఇనప స్తంభం ఒకటుంది, దాని దగ్గర నిలబడ్డాడు. నేను జూమ్ చివరికంటా లాగాను. ఆయన నడుము కాస్త వంచి రెండు చేతులూ ముందుకి చాచాడు. చూస్తే ఆ చేతుల మీద వాషింగ్ మిషను, ఎండలో తెల్లగా మెరుస్తూ. మీట నొక్కిపట్టాను. తెర బిగుసుకుంది. మళ్ళీ కదిలేసరికి అక్కడ ఎవరూ లేరు.

ఏడు ఫొటోలు వచ్చాయి. అక్కడికక్కడే ఆరు చెరిపేశాను.

ఇది స్టూడియో బుద్ధి. పది కొట్టి ఒకటి ఉంచడమే పదిహేడేళ్ళు నేను చేసిన పని. కళ్ళు మూసుకున్నవీ, నోరు తెరిచినవీ, చెయ్యి అడ్డొచ్చినవీ తీయించుకున్న పార్టీ చూడకముందే పోవాలి. బాగా రానిది కంటపడితే బాగా వచ్చినదాన్ని కూడా అనుమానిస్తారు. తోడల్లుడి ఆఫీసుకి ఈ అలవాటు రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు కుదిరింది. "పది ఫొటోలిస్తే పది ప్రశ్నలొస్తాయి తమ్ముడూ, ఒక్కటిస్తే ఒక్కటీ రాదు" అనేది ఆయన సిద్ధాంతం. అందుకని కేసుకి ఒక్కటే ఫొటో. అప్పటికి పంతొమ్మిది కేసులకి పంతొమ్మిది ఇచ్చాను.

ఆ ఏడింటిలో ఒకటి కదిలింది. మూడింటిలో మొహం పక్కకి తిరిగింది. ఒకదానిలో ఎవరిదో భుజం అడ్డొచ్చింది. ఐదోదానిలో ఆయన చేతులు అలాగే చాచి ఉన్నాయి గాని వాటి మీద ఏమీ లేదు. మిషను కింద పెట్టేశాడు కాబోలనుకుని అదీ తీసేశాను. మూడోది మాత్రం అద్భుతం. మొహం మీద ఏటవాలు ఎండ, బిగిసిన దవడ, మిషను అంచు కింద పది వేళ్ళూ. ఎన్నాళ్ళకో ఒక మంచి ఫొటో తీశానని ఒళ్ళు పులకరించింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ మనిషి గతేం కాను అన్న ఆలోచనే నాకు రాలేదు.

రిపోర్టులో 'స్వయంగా చూశారా' అని ఒక గడి ఉంటుంది. టిక్కు పెట్టి మా ఆవిడ చేతికిచ్చాను. ఆమె టైపు చేసింది. ఆ నెల నుంచే లిఫ్టాయనకి పరిహారం ఆగిపోయింది. ఆయన ఒప్పుకోలేదు, విచారణ కావాలని అర్జీ పెట్టుకున్నాడు.

విచారణ ఫైల్లో స్థలం ఫొటో ఒకటి ఉండాలన్నారు. ఏ కిటికీ నుంచి తీశామో అదే కిటికీ నుంచి పరిసరాలన్నీ కనపడేలా. చిన్నదాని ముక్కు ఎక్కడో దుమ్ము పట్టి ఇరుక్కుపోయింది, సాగదు, ముడుచుకోదు. రిపేరుకిచ్చారు. నేను పెద్దదాన్ని బీరువాలోంచి తీశాను. మామూలు లెన్సు తగిలించుకుని మళ్ళీ ఆ మూడో అంతస్తు ఎక్కాను. దొంగచాటు పని కాదు కాబట్టి మొదటిసారి ఆ కిటికీ తెర పూర్తిగా జరిపాను.

కన్ను పెట్టాను. వీధంతా వచ్చి నా కంట్లో పడింది. రోడ్డు, పార్కింగు, భవనం, పసుపు స్తంభం, దాని వెనక మెట్లు. చిన్నదాని ఫొటోలో స్తంభం లిఫ్టాయన మోచేతి పక్కనుంది, మిషను వెనక మెట్ల కమ్మీ ఉంది. రెండూ ఒకేచోట అనుకున్నాను. మీట మీద వేలు పెట్టి ఉండగానే స్కూలు పిల్లల వ్యాను ఒకటి వచ్చి ఆ వాకిట్లోకి తిరిగింది. స్తంభం వెనక నుంచి, మెట్ల ముందు నుంచి, తాపీగా వెళ్ళిపోయింది.

ఒక వ్యాను పట్టేంత దారి ఉంది ఆ మధ్యలో. స్తంభం దగ్గర నిలబడ్డవాడి చేతులు మెట్ల దగ్గరున్న మిషనుకి ఏ జన్మకీ అందవు. టప్, టప్, టప్ మని మూడు కొట్టాను. వ్యాను మూడింటిలోనూ ఉంది. అప్పుడు చిన్నదానితో తీసిన ఐదో ఫొటో గుర్తొచ్చింది. ఖాళీ చేతులు. ఆయన మిషను దింపలేదు, అసలు ఎత్తనే లేదు. దాన్ని మోసేవాళ్ళు మెట్లెక్కి వెళ్ళిపోయారు, ఈయన చేతులు గాల్లో మిగిలాయి. ఆ ఒక్క ఫొటో ఉంటే చాలు ఆయన బయటపడేవాడు. బొమ్మ బాగాలేదని నా చేతులతో నేనే చెరిపేశాను.

ఆ సాయంత్రమే తోడల్లుడి గదికి వెళ్ళి తలుపు వేశాను.

"అన్నయ్యా, ఆయన దాన్ని ఎత్తలేదు."

"ఎవరు, దేన్ని?"

"లిఫ్టు మెకానిక్కు. మోసేవాళ్ళు వెనకున్నారు. ఒకడు మిషను చాటున, ఇంకొకడు ఈయన చాటున. అంత దూరం నుంచి లాగితే అన్నీ ఒకదాని మీద ఒకటి పడినట్టొస్తాయి. ఈయన చేతులు చాచి దారి చూపిస్తున్నాడంతే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు, అదే నా ప్రాణానికొచ్చింది.

"ఫొటో నువ్వేమన్నా మార్చావా?"

"లేదు."

"అందులో ఉన్నది ఆయనేనా?"

"ఆయనే."

"దారి చూపించడం నువ్వు చూశావా?"

"లేదు. తెర ఆగిపోయింది."

"చూడనిదాని కోసం ఎందుకయ్యా ఆవేశం?"

"ఎత్తడం కూడా చూడలేదు కదా అన్నయ్యా!"

"చూశానని టిక్కు పెట్టావ్." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "కూర్చో. ఇరవయ్యోది తప్పంటే పంతొమ్మిదీ తవ్వుతారు. అవి ఎలా తీశావో నీకైనా గుర్తుందా? మిగతా ఫొటోలు ఉన్నాయా? లేవు. ఆఫీసు మూతపడితే నువ్వూ, మీ ఆవిడా, మీ వదినా, నేనూ, అందరం ఒకే చెట్టు కింద. నిన్ను బెదిరించట్లేదు తమ్ముడూ, ఉన్నమాట చెప్తున్నా."

నిజంగానే బెదిరించలేదు. టీ కూడా తెప్పించాడు.

మేడ మీదికి వచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె కూరగాయలు తరగడం ఆపి కత్తి పక్కన పెట్టింది. కింద నుంచి వాళ్ళక్క టీవీ చప్పుడు వినపడుతోంది.

"ఆ రిపోర్టు టైపు చేసింది నేనండీ" అంది. "చెప్పొద్దని నేననలేను. చెప్పమంటే రేపు అక్క మొహం చూడలేను. మీరు నన్నడగకండి."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెప్తే నా ఇల్లు పోతుంది, చెప్పకపోతే ఆయన ఇల్లు పోతుంది. విచారణ దాకా ఎనిమిది రోజులు ఆ మెట్లు దిగుతూ ఎక్కుతూనే ఉన్నాను. కింద వదిన ఎప్పటిలాగే పలకరిస్తుంటే దొంగలా తల దించుకుని పోయేవాణ్ణి.

విచారణ గదికి కిటికీలు లేవు. ఒక పొడవాటి బల్ల. చివర విచారణాధికారిణి, నెరిసిన జుట్టు, ఓపికైన మొహం. ఒక పక్క కంపెనీ లాయరు, మా తోడల్లుడు, నేను. ఎదురుగా లిఫ్టాయన, ఆయన భార్య. ఆయన కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పదకొండు రోజులు చూసిన మొహాన్ని మొదటిసారి మామూలు కళ్ళతో చూశాను. కెమెరాలో కంటే చిన్నవాడిలా ఉన్నాడు.

"కుర్రాళ్ళకి మెట్టు కనపడట్లేదని చెయ్యి చూపించానండీ. నేను దాన్ని ముట్టుకోలేదు" అన్నాడు. ఆ మాట అప్పటికి చాలాసార్లు చెప్పి ఉంటాడు, గొంతులో నమ్మకం లేదు. ఆ కూలీలెవరో, ఎక్కడివాళ్ళో ఎవరికీ తెలియలేదట.

లాయరు నా వైపు తిరిగాడు. నన్ను ఆకాశానికెత్తడం ఆయన పని. ఎన్నేళ్ళ అనుభవం? మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ ఉండగా సూపర్‌జూమ్ ఎందుకు వాడారు? దాని గొప్పేమిటి? నేను ఒక్కొక్కటే చెప్పాను. దూరం బాగా లాగుతుంది, ఒకే లెన్సు, చప్పుడుండదు, చెయ్యి వణికినా బొమ్మ నిలబడుతుంది. చెప్పిన ప్రతి మాటకీ ఆయన తల ఊపుతున్నాడు, గోడకానుకున్న మనిషి మొహం వాడిపోతోంది. నేను పొగుడుతున్నది కెమెరాని, ఉరి బిగుస్తున్నది ఆయన మెడకి.

"అంటే ఈ ఫొటో స్పష్టంగా ఉంది, ఏ మార్పూ చేయలేదు, అందులో ఉన్నది ఈయనే. అంతే కదా?"

"అంతేనండీ."

"సరిపోతుంది" అన్నాడు లాయరు. అధికారిణి కలం అందుకుంది. నన్ను ఇంకెవరూ ఏమీ అడగరని అప్పుడు అర్థమైంది. నిజం బయటపడాలంటే ఎవరూ అడగకుండా నేనే చెప్పాలి. తోడల్లుడి మోకాలు బల్ల కింద నా మోకాలికి తగులుతోంది.

"ఒక్క మాటండీ" అన్నాను.

సంచిలోంచి పెద్దదాన్ని తీసి, అందులోని ఫొటోలు అధికారిణి ముందు పెట్టాను. స్తంభం, మెట్లు, మధ్యలో వ్యాను. చిన్నదాని ఫొటో పక్కన పెట్టి వేలితో చూపించాను. లాయరు లేచాడు, అధికారిణి చేత్తోనే కూర్చోమంది.

"అయితే సూపర్‌జూమ్ అబద్ధం చెప్తుందంటారా?" అంది.

"లేదండీ. అది అడిగినంతే చెప్తుంది. అంత దూరం నుంచి చూస్తే ఏ కెమెరాలోనైనా ముందువీ వెనకవీ దగ్గరగానే కనపడతాయి. పెద్దది వీధంతా చూపించింది కాబట్టి మధ్యలో దారి కనపడింది. చిన్నదానితో నేను మనిషిని మాత్రమే చూశాను."

"స్వయంగా చూశానని టిక్కు పెట్టారు."

"తప్పేనండీ. ఆ క్షణంలో తెర ఆగిపోయింది. నేను చూడలేదు."

"ఇదొక్కటే తీశారా?"

"ఏడు తీశాను. ఆరు తీసేశాను."

"ఎందుకు?"

"బాగా రాలేదండీ."

లిఫ్టాయన భార్య చప్పుడు కాకుండా ఏడవడం మొదలుపెట్టింది. బయటికి వచ్చేటప్పుడు ఆయన నా దగ్గర ఆగాడు. కాళ్ళ మీద పడాలనిపించింది.

"ఎన్ని రోజులు కూర్చున్నారండీ అక్కడ?"

"పదకొండు."

"అంతసేపు కూర్చుంటే నడుం నొప్పి రాలేదా?" అన్నాడు. ఎగతాళో, నిజంగానే అడిగాడో ఇప్పటికీ తెలీదు. ఆయన పరిహారం వారానికి తిరిగి మొదలైంది.

నేను విచారణ అయిన రోజే పెట్టె సర్దుకున్నాను. ఇల్లు పోతుంది, పని పోతుంది, పోనీ. చాలా కాలానికి ఛాతీ నిండా ఊపిరి పీల్చుకున్నాను. మా ఆవిడ కూడా మారుమాట లేకుండా గిన్నెలు అట్టపెట్టెలో పెట్టింది. వాళ్ళక్క రెండు రోజులు మాట్లాడలేదు. ఇంకో ఇల్లు వెతుక్కుంటుండగా పదో రోజున తోడల్లుడు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో విచారణ ఉత్తర్వు నకలు, మొహం నిండా నవ్వు.

"పెట్టెలేంటయ్యా? విప్పు, విప్పు. ఇది విన్నావా?" కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "'ఈ సాక్షి తనకు నష్టమని తెలిసీ తన పొరపాటును తానే బయటపెట్టిన నిజాయితీపరుడు. ఈయన మాటను పూర్తిగా నమ్మవచ్చు.' ఎక్కడ వెతికినా దొరకదు తమ్ముడూ ఇలాంటి వాక్యం! కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. ఇక అన్ని కేసులూ మనకే."

నాకు అర్థం కాలేదు. "అన్నయ్యా, మిగతా పంతొమ్మిది..."

"అదే చెప్తున్నా. తప్పైతే తప్పని నువ్వే చెప్పే మనిషివి. పంతొమ్మిదింటి మీద చెప్పలేదు. అంటే అవి తప్పు కాదు."

"నాకు తెలీదు కాబట్టి చెప్పలేదు!"

"తెలీనిది ఎలా చెప్తావ్? అదేగా నిజాయితీ."

"నేను మానేస్తానన్నయ్యా."

"మానెయ్, నీ ఇష్టం" అన్నాడు మెత్తగానే. "కానీ ఆ కేసులకి సాక్షివి నువ్వే. ఎక్కడున్నా పిలిస్తే రావాలి కదా."

కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. ఎటు ఎక్కబోయినా జారుతోంది. మా ఆవిడ నా మొహం చూసి, అట్టపెట్టెలోంచి ఒక్కో గిన్నే తీసి మళ్ళీ అలమరలో పెట్టింది.

రెండు నెలలకి పిలుపొచ్చింది. పదకొండో కేసు. బేకరీలో పిండి కలిపే ఆవిడ, మిషనులో పడి కుడి చెయ్యి నలిగింది. ఏడాది కిందట నా ఫొటో మీదే ఆవిడ పరిహారం ఆగింది. లిఫ్టాయన కథ ఎవరి ద్వారానో విని, ధైర్యం తెచ్చుకుని అర్జీ పెట్టుకుంది. అదే గది, అదే అధికారిణి. బల్ల మీద నా ఫొటో. ఆవిడ కుడి చేత్తో బేకరీ వెనక గుమ్మంలో పెద్ద ట్రే ఎత్తి పట్టుకుని ఉంది. మొహం మీద ఎండ. మంచి ఫొటో.

లాయరు ఈసారి కెమెరాల గురించి అడగలేదు. ఉత్తర్వులోని ఆ వాక్యం చదివి కూర్చున్నాడు. బేకరీ ఆవిడ నేరుగా నా వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు. నన్ను తనవైపు మనిషే అనుకుంటోంది.

"లిఫ్టు మెకానిక్ గారి విషయంలో మీరే నిజం చెప్పారటగా అన్నా. నాది కూడా చెప్పండి. ఆ ట్రే ఖాళీది. ఎడం చెయ్యి దాని కింద పెట్టే పట్టుకున్నా, గుమ్మం అడ్డొచ్చి కనపడలేదు అంతే. కింద పెట్టేటప్పుడు కూడా మీరు తీసే ఉంటారుగా. అందులో కనపడి ఉంటుంది చూడండి."

ఫొటో దగ్గరికి లాక్కుని చూశాను. ట్రే ఖాళీయో, నిండో ఆ కోణంలో తెలీదు. ఎడమ చెయ్యి గుమ్మం చాటునుంది. ఆ రోజు ఎన్ని కొట్టానో, ఎన్ని తీసేశానో, వాటిలో ఏముందో ఎంత గుంజుకున్నా ఒక్కటీ గుర్తురాలేదు. 'అవును, ఖాళీదే' అంటే చాలు, ఈవిడ గట్టెక్కుతుంది. కాని అది నేను చూడని మాట. అబద్ధమని ఎవరైనా నిరూపిస్తే నా నిజాయితీ మీద నిలబడ్డ లిఫ్టాయన తీర్పు కూడా కూలుతుంది.

"చెప్పండి" అంది అధికారిణి. "ఇందులో పొరపాటేమైనా ఉందా?"

"నాకు గుర్తులేదండీ" అన్నాను.

"పొరపాటుంటే ఈయన చెప్పేవారేనమ్మా. ఈయన సంగతి మాకు తెలుసు" అని ఆవిడతో అని, అధికారిణి రాసుకోవడం మొదలుపెట్టింది.

బేకరీ ఆవిడ ఇంకా నా వైపే చూస్తోంది, నేనింకా ఏదో చెప్పబోతున్నానని.